పాత విహారిణికి పొడిగింత ఎంతవరకు?

2000 దశకంలో పలు తెలుగు పత్రికలు తమ సొంత ఖతులతోనే వెబ్‌ పుటలను వెలువరించేవి. ఖతి లేని కంప్యూటరులో అక్షరాలు అర్థం లేని గుర్తులుగా కనిపించేవి. అట్టి పుటలను యూనికోడులోకి మార్చి చూపిన ఫైర్‌ఫాక్స్ పొడిగింత 'పద్మ'.

2017 నవంబరు 14న విడుదలైన ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి పొడిగింతలను నిలిపివేసింది. విండోస్ ఎక్స్‌పీపై నడిచే చివరి ఫైర్‌ఫాక్స్ అయిన 52వ దీర్ఘకాలిక కూర్పుకు 2018 సెప్టెంబరులో భద్రతా సవరణలు ఆగిపోయాయి.

ఇట్టి సందర్భంలో పొడిగింత కర్త పాత కూర్పును కొనసాగించవలెనా? కొనసాగిస్తే ప్రతి సవరణనూ రెండు మారులు రాసి, రెండు మారులు పరీక్షించాలి. రక్షణ లేని విహారిణిలోనే పాఠకులను నిలిపి ఉంచిన దోషమూ అంటుతుంది. మానివేస్తే, పాత యంత్రమే ఆధారమైన వారికి ఆనాటి పుటలు చదవరానివవుతాయి.

ఇటువంటి పొడిగింతలో రెండు భాగాలున్నాయి. ఏ గుర్తు ఏ అక్షరమో తెలిపే పట్టిక ఒకటి; దానిని విహారిణితో కలిపే తొడుగు మరొకటి. కాలం చెల్లేది తొడుగుకే. ఆనాటి ఖతి మారదు గనుక పట్టిక చెల్లుతూనే ఉంటుంది. కావున ముందుగా తేదీ ప్రకటించి పాత తొడుగును విరమించడం, దాని చివరి కూర్పును దించుకొనే వీలుంచడం, పట్టికను విడిగా అందరికీ అందుబాటులో భద్రపరచడం సమంజసం. పట్టిక నిలిస్తే కొత్త తొడుగును మరొకరైనా సిద్ధం చేయగలరు.