కుండీలోని మొక్క యేమి చెప్పుచున్నది?

పెరడు లేని యిండ్లు నేడు మన పట్టణములలో హెచ్చినవి. శ్రీకాకుళమున గాని విజయనగరమున గాని మేడమీది రెండు గదులలో కాపురముండు గృహిణికి తులసియు, కరివేపయు, మల్లెయు కుండీలలోనే పెరుగవలసియున్నవి. ఆకు పసుపెక్కినంతనే "దీనికి బలము చాలలేదు" అని పిడికెడు ఎరువు వేయుట మనలో ననేకుల కలవాటు. కాని బలము లేక చచ్చిన మొక్కలకంటె నీరును ఎరువును మితిమీరి చచ్చిన మొక్కలనే మేము ఎక్కువగా చూచియున్నాము.

నేలలోని వేరు తనకు వలయుదానిని వెదకుకొనుచు దూరము పోగలదు. మిగిలిన ఉప్పులను వానలు క్రిందికి దింపివేయును. కుండీలోని వేరో, మనము పెట్టినదే తినవలెను. మనము పోసిన దానిలోనే నిలువవలెను. కావున రోగ మెరుగక మందు వేయుట యిచ్చట మరింత అపాయకరము. సురపాలుని వృక్షాయుర్వేదము చెట్లకును మనుష్యులకువలెనే వాతపిత్తకఫముల వలన రోగములు కలుగునని చెప్పి, లక్షణములనుబట్టి చికిత్స విధించినది. ఆ గ్రంథము 1996లో సికింద్రాబాదునుండి ఇంగ్లీషు అనువాదముతో వెలువడినది. త్రిదోషముల మాట యెట్లున్నను, లక్షణము చూచి పిమ్మట మందన్న క్రమము నేటికిని శిరోధార్యమే.

మొదట చూడవలసినది ఆకు కాదు, మట్టి. వ్రేలిని రెండు కణుపుల లోతునకు దింపి చూడుడు. తడి యున్నచో ఆనాడు నీరు పోయరాదు. కుండీ అడుగున రంధ్రము పూడినదేమో, క్రింది పళ్లెములో నీరు నిలిచినదేమో పరికింపుడు. మట్టి పుల్లని కంపు కొట్టుచు, వేళ్లు గోధుమవర్ణమై మెత్తబడియున్నచో అది కుళ్లు. ఆరోగ్యముగల వేరు చాల మొక్కలలో తెల్లగాను గట్టిగాను ఉండును. తడిమట్టిలో నిలిచియు ఆకులు వాడుట దీని ముఖ్యలక్షణము. వాడినదికదా యని మరల నీరు పోసినచో మొక్క మరి దక్కదు.

మా వీధిలోని యొక సోదరికి, ఆమె కాపురమునకు వచ్చునాడు తల్లి యిచ్చిన మల్లె అంటు కలదు. తల్లి నేడు లేదు. ఆకులు పసుపెక్కగా నామె యూరియా వేసినది, అంచులు మాడినవి. మరికొంత వేయబోవుచుండగా మేము వారించి, మొక్కను కుండీనుండి తీయించితిమి. సగము వేళ్లు కుళ్లియుండెను. వానిని కోసివేసి, క్రొత్తమట్టిలో నాటి, నీడనుంచి, చిగురు వచ్చువరకు ఎరువు మాన్పించితిమి. ముందుజాగ్రత్తకై రెండు కొమ్మలను వేరుగా పాతించితిమి. నెల దాటిన పిదప చిగురు కనబడినది. ఆ వేళ్లకు కావలసినది ఎరువు కాదు, గాలి.

మట్టి బాగుగా నున్నప్పుడే ఆకును చదువవలెను. కరవుకాలమున పెద్దలు తమ కూడు మానుకొని పిల్లలకు పెట్టుదురు. మొక్కయు నట్లే నత్రజని, భాస్వరము, పొటాషు, మెగ్నీషియములను ముదురాకులనుండి తీసి చిగుళ్లకు పంపును. క్రిందియాకు అంతయు పాలిపోయినచో నత్రజని లోపము. ముదురాకు అంచులు ఎండినట్లు మాడినచో పొటాషు లోపము కావచ్చును. ఈనెలు పచ్చగా నుండి నడుమ పసుపెక్కినచో మెగ్నీషియము లోపము. ఇనుమును సున్నమును గోడలో కట్టిన యిటుకలవంటివి; ఒకచోట చేరినపిదప తరలవు. కావున చిగురాకు పసుపై, ఈనెలు మాత్రము పచ్చగా నున్నచో ఇనుము అందలేదని తెలియవలెను.

ఇనుము మట్టిలో నుండియు అందకపోవుట కలదు. సున్నపుపాలు హెచ్చుగల బోరునీటిని నిత్యము పోసినచో మట్టి క్షారగుణము పొంది ఇనుమును బంధించును. పొయ్యిబూడిదయు నిట్టిదే. పాలిపోయిన మొక్కకు బూడిద చల్లుట రోగమును పెంచుటయే యగును. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంకాలమున ఆకులపై చల్లి, వీలైనంతవరకు వాననీరు పోయవలెను. మెగ్నీషియమునకు లీటరు నీటిలో 5 గ్రాముల భేదిఉప్పు చాలును.

కుండీ అంచున తెల్లని పొక్కు కట్టి, ఆకుల కొనలు మాడినచో ఉప్పు పేరుకొన్నదని అర్థము. తీరపు ఊళ్లలోని ఉప్పునీటి బావులవలనను, ఎరువు హెచ్చగుటవలనను ఇట్లగును. కుండీ పరిమాణమునకు రెండింతల మంచినీటిని మెల్లగా పోసి, అడుగునుండి పూర్తిగా కారిపోనీయవలెను.

ఉద్దానపు కొబ్బరితోటలు మన జిల్లాకు పేరు తెచ్చినవి. కొబ్బరిపొట్టు తేలికయైనది, తడిని నిలుపునది. కాని పచ్చిపొట్టులో ఉప్పు ఉండును; మూడునాలుగు మారులు కడుగక వాడరాదు. చివుకని పొట్టు మట్టిలోని నత్రజనిని తానే హరించును. పైన ఎండినట్లు కనబడినను లోపల తడి దాచుకొనును. కావున వ్రేలిపరీక్ష మానరాదు. మన ఎర్రమట్టి రెండుపాళ్లు, ఇసుక ఒకపాలు, బాగుగా చివికిన గత్తము ఒకపాలు కలిపిన మిశ్రమము ఇంటిమొక్కలకు చాలవరకు సరిపోవును. పచ్చిగత్తము వేళ్లను కాల్చును.

కూరలో ఉప్పు తక్కువైనచో పప్పు రెండింతలు వేసినను రుచి రాదు. మొక్కకును అంతే. 19వ శతాబ్దమున జర్మనీ శాస్త్రజ్ఞుడు లీబిగ్ ప్రచారముచేసిన సూత్రమిదియే: ఏది తక్కువయో అదియే పెరుగుదలను అడ్డును, తక్కినవానిని కుమ్మరించినను ఫలము లేదు.

కావున సోదరీమణులారా, ఆకు పసుపెక్కినప్పుడు చేయి ఎరువుసంచివైపు పోకముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. మట్టి తడిగా నున్నదా? పసుపు ముదురాకునా, చిగురాకునా? మనము పోయు నీరు ఎట్టిది? ఒక్కమారు ఒక్క మార్పే చేసి, రెండు వారములు వేచి చూడుడు. చెడిన ఆకు మరల పచ్చబడకపోవచ్చును. క్రొత్త చిగురు పచ్చగా వచ్చినచో మీ చికిత్స ఫలించినదని తెలిసికొనుడు.