పేరు ఢోల్‌ది, పాట్లు ఢోలీవి

నిరుడు మాఘమాసంలో మిత్రుని కుమారుని వివాహానికి పటియాలా వెళ్ళాను. పెండ్లివారి గుమ్మం ముందు ఇద్దరు ఢోలీలు నిలబడి వున్నారు. మెడకు పట్టీతో వేలాడే పీపాలాంటి ఢోల్, చేతుల్లో చెరో కర్రా. వాళ్ళు వాయింపు అందుకునేసరికి, నలభై దాటిన ఈ తెలుగు పంతులు కాళ్ళు కూడా కదలసాగాయంటే నమ్మండి!

మన సన్నాయి మేళంలోని డోలుకూ దీనికీ పేరులో చుట్టరికం కనబడుతుంది గాని, వాయింపు వేరు. మన డోలుకు ఒక పక్క పుల్ల, రెండో పక్క చేతివేళ్ళు. ఢోల్‌కు రెండు పక్కలా కర్రలే. వంపు తిరిగిన లావుపాటి కర్ర 'డగ్గా', అది ఉరుముతుంది. సన్నని బెత్తం 'తీలీ', అది చిటపటలాడుతుంది.

పంజాబులో ఇది తరతరాల కులవృత్తి. భరాయీలు, మీరాసీలు, బాజీగర్లు మొదలైనవారు దీన్ని నమ్ముకుని బ్రతికారు. 1947 విభజనతో ముస్లిం వాద్యకారులు అనేకులు పాకిస్థాన్ వెళ్ళిపోయారు. అక్కడి బాజీగర్లు ఇటు వచ్చారు. 1950 తరువాత భాంగ్రా వేదిక ఎక్కినప్పుడు, ఢిల్లీ గణతంత్ర దినోత్సవాల్లో ఆడిన తొలి జట్లకు ఢోల్ వాయించిన భానారామ్ సునామీ బాజీగరే. ఆనాటినుంచి ఢోల్ సినిమాలకెక్కింది, లండన్ చేరింది.

మరి ఢోలీ? పూర్వం గోధుమ కోతల్లో అతడు గట్టున నిలబడి వాయిస్తుంటే, కూలీలు ఆ లయకు కొడవళ్ళు ఆడించేవారు. కళ్ళంలో అతనికి గింజలు కొలిచేవారు. హరితవిప్లవం వెంట కోతయంత్రాలు వచ్చాయి. యంత్రానికి తాళం అక్కరలేదు గదా! చేను పోయి పెండ్లి ఒక్కటే మిగిలింది.

ఆ పెండ్లిలోనైనా ఏం జరిగిందో చెబుతాను. ఊరేగింపు పందిట్లోకి రాగానే డి.జె. పెట్టెలు మోగాయి, ఢోలీల పని సరి. ఆడేవారి తలలచుట్టూ తిప్పి ఇచ్చే నోట్లే వాళ్ళ అసలు రాబడి. ఆడేవారు పెట్టెల దగ్గరకు పోతే నోట్లెక్కడివి?

పెద్దాయన గోడవార కూలబడితే, వచ్చీరాని హిందీలో పలకరించాను.

"మాస్టర్‌జీ, ఆ పెట్టెలో మోగేదీ ఢోలే. కాని పెట్టెకు పెండ్లాం పిల్లలు లేరు" అన్నాడు నవ్వుతూ.

2020లో కరోనావల్ల పెండ్లిళ్ళు ఆగినప్పుడు, రెండు ఢోళ్ళలో ఒకటి అమ్ముకున్నాడట. కొడుకు సెల్‌ఫోన్ల దుకాణంలో చేరాడు. "కాలేజీ పిల్లలు మాత్రం నేర్చుకుంటామని వస్తారు. నన్ను ఉస్తాద్ అంటారు. వాళ్ళకది సరదా, నాకు కూడు."

"భోజనం చేశావా?" అన్నాను.

"మా వంతు చివర, మాస్టర్‌జీ. మా దెబ్బకు అందరూ ఆడతారు. బంతిలో మాత్రం మా పక్కన కూర్చోరు."

నేను అప్పటికే భోజనం చేసి తాంబూలం నములుతున్నాను. ఆ తాంబూలం మరి రుచించలేదు.

యంత్రాన్ని ఆపటం మనవల్ల కాదు. కాని ఒప్పుకున్న సొమ్ము సాంతంగా ఇవ్వటానికీ, వాయించిన మనిషిని మొదటి బంతికి పిలవటానికీ ఏ యంత్రమూ అడ్డురాదు. మా అమ్మాయి పెండ్లిలో డోలు విద్వాంసుణ్ణి ఏ బంతిలో కూర్చోబెట్టామా అని తిరుగురైల్లో ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు.