ఐదవ నెలలో బిడ్డ కదలికలు - ఆందోళన ఎంతవరకు, అప్రమత్తత ఎప్పటినుండి
(ప్రత్యేక వ్యాసం)

తొలి చూలు స్త్రీకి ఐదవ నెల ప్రవేశించగానే ఇంటిలోని పెద్దలు, ఇరుగుపొరుగువారు అడిగే ప్రశ్న ఒక్కటే: "బిడ్డ కదులుతున్నదా?" వేవిళ్లు తగ్గి, కడుపు ఇంకా అంతగా పైకి కనిపించని ఆ రోజులలో గర్భం క్షేమంగా ఉన్నదని చెప్పే గుర్తు గర్భిణికి వేరే ఉండదు. ఒకనాడు లీలగా కదలిక తెలిసి, మరునాడు ఏమీ తెలియకపోతే ఆమెకు నిద్ర పట్టదు. ఈ ఆందోళన సహజమైనదే. అయితే, 20వ వారంలో "కొద్ది రోజులు చూద్దాం" అనే మాట చాలావరకు సరైన సలహా కాగా, అదే మాట 32వ వారంలో బిడ్డ ప్రాణానికి ముప్పు తేగలదు. ఈ రెండు దశలకు గల భేదం గర్భిణులకు, వారి కుటుంబ సభ్యులకు, వారికి సమాచారం అందించే క్షేత్రస్థాయి సిబ్బందికి, పత్రికల వారికి స్పష్టంగా తెలియవలసి ఉన్నది.

గర్భస్థ శిశువు సుమారు 8వ వారం నాటికే కదలడం ఆరంభిస్తుంది. అయితే ఉమ్మనీటిలో తేలియాడే ఆ చిన్న పిండం కదలిక తల్లికి తెలియదు. మొదటి కాన్పులో సాధారణంగా 18 నుండి 20 వారాల మధ్య, తరువాతి కాన్పులలో 16వ వారం నాటికే కదలిక తెలియవచ్చును. కొందరికి 20 వారాలు దాటిన తరువాతనే తెలుస్తుంది. తొలి కదలిక తన్నినట్లుగా ఉండదు. నీటిలో చేపపిల్ల మెసలినట్లు, బుడగలు లేచినట్లు ఉంటుంది. కడుపులో వాయువు అనుకొని పట్టించుకోని వారే ఎక్కువ. 20 వారాల బిడ్డ బరువు ఇంచుమించు 300 గ్రాములు మాత్రమే. ఆ బిడ్డ ఎటు తిరిగినదీ, ఎక్కడ తగిలినదీ అనుదాన్ని బట్టి కొన్ని కదలికలు తల్లికి తెలుస్తాయి, అనేకం తెలియవు. బిడ్డ 20 నుండి 40 నిమిషాల పాటు కదలకుండా నిద్రించడం కూడా మామూలే. పగలు ఇంటి పనిలో, పొలం పనిలో నిమగ్నమైన తల్లికి తెలియని కదలిక రాత్రి పడుకున్న వేళ తెలియడానికి కారణం ఆమె ధ్యాస దానిపై నిలవడమే.

మాయ గర్భాశయానికి ముందువైపున అతుక్కొని ఉన్నట్లయితే, అది దిండు వలె అడ్డుగా ఉండి కదలికలు ఆలస్యంగానూ, మెల్లగానూ తెలుస్తాయి. 18 నుండి 22 వారాల మధ్య తీసే టిఫా స్కాన్ నివేదికలో ఈ విషయం నమోదై ఉంటుంది. దానిని చదివించుకొని జబ్బుగా భావించి బెంగపడేవారున్నారు. అది జబ్బు కాదు.

ఆందోళనకు మన లెక్కల పద్ధతి కూడా కొంత కారణమగుచున్నది. వైద్యులు చివరి బహిష్టు మొదటి రోజు నుండి వారాలు లెక్కిస్తారు. కుటుంబాలు నెలలు లెక్కిస్తాయి. ఐదవ నెల "వచ్చినది" అంటే 18వ వారం, "నిండినది" అంటే దాదాపు 22 వారాలు. ఒకే నెల పేరు చెప్పుకొనే ఇద్దరు గర్భిణుల మధ్య 4 వారాల వ్యత్యాసం ఉండవచ్చును. తోడికోడలికి ఐదవ నెలలో బిడ్డ తన్నినదని, తనకు ఇంకా తెలియడం లేదని కుమిలిపోయే గర్భిణికి ముందుగా చెప్పవలసినది ఈ సంగతి. చివరి బహిష్టు తేదీ గుర్తులేని వారికి తొలి నెలలలో తీయించిన స్కానింగ్ ఆధారంగా నిర్ణయించిన వారాలే ప్రమాణం.

"రోజుకు 10 కదలికలు" అనే సంఖ్య విస్తృత ప్రచారంలో ఉన్నది. ఇది 1970వ దశకంలో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో రూపొందిన పద్ధతి నుండి వచ్చినది. ఉద్దేశించినది చివరి నెలలకే గాని మధ్య నెలలకు కాదు. వారాలు పేర్కొనకుండా ఈ సంఖ్యను మాత్రమే ప్రచురిస్తే, 20వ వారంలో ఉన్న గర్భిణి వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటూ రాత్రంతా మేల్కొంటుంది. పైగా చివరి నెలలలోనూ లెక్కింపు వల్లనే ప్రాణాలు దక్కుతాయని రుజువు కాలేదు. 1989లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడిన, 68 వేల మంది గర్భిణులతో జరిపిన అధ్యయనంలో నిత్యం లెక్కించడం వల్ల మృత శిశు జననాలు తగ్గలేదు. 2018లో అదే పత్రికలో వెలువడిన, బ్రిటన్, ఐర్లాండ్‌లలో 4 లక్షలకు పైగా గర్భాలపై జరిపిన అధ్యయనంలో కదలికలపై అవగాహన పెంచి, తగ్గినవని చెప్పిన వారికి నిర్ణీత పద్ధతిలో వైద్యం అందించినప్పటికీ మృత శిశు జననాలలో చెప్పుకోదగిన తగ్గుదల కనబడలేదు. శస్త్రచికిత్స కాన్పులు మాత్రం పెరిగినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం 2016 మార్గదర్శకాలలో నిత్య లెక్కింపును పరిశోధనలకే పరిమితం చేసినది. దీనిని బట్టి కదలికలు ముఖ్యం కాదని ఎవరూ భావించరాదు. లెక్క కంటె మార్పు ముఖ్యం.

గుర్తుంచుకోవలసిన హద్దులు రెండు. 24 వారాలు నిండినప్పటికీ ఒక్క కదలికయినా తెలియనిచో తప్పక వైద్యులను సంప్రదించాలి. ఇది మొదటిది. 28వ వారం నాటికి ప్రతి బిడ్డకూ తనదైన ఒక క్రమం ఏర్పడుతుంది, తల్లికి అది తెలుస్తుంది. అటుపిమ్మట ఆ క్రమం తగ్గినా, ఆగినా అదే రోజు, రాత్రి వేళ అయినా సరే, ఆసుపత్రికి వెళ్లాలి. ఇది రెండవది. అనుమానంగా మాత్రమే ఉంటే ఎడమవైపు తిరిగి పడుకొని 2 గంటల పాటు గమనించవచ్చును. ఆ వ్యవధిలో 10 కదలికలు తెలియకపోతే బయలుదేరాలి. కదలిక స్పష్టంగా తగ్గినచో ఈ పరీక్షతో కాలయాపన చేయరాదు. భర్త పని నుండి వచ్చేదాకా, తెల్లవారి బస్సు వచ్చేదాకా ఆగరాదు. 108 వాహనం ఇందుకు కూడా ఉద్దేశించినదే. నెలలు నిండితే చోటు చాలక బిడ్డ కదలదన్న నానుడి నిజం కాదు. చివరి వారాలలో కదలిక తీరు మారవచ్చును గాని తగ్గరాదు.

ఈ రెండు హద్దులకు లోపల, అనగా మధ్య నెలలలో, అంతకుముందు తెలిసిన కదలిక తెలియడం లేదని గర్భిణి చెబితే చేయవలసినది సులభం. ఎ.ఎన్.ఎం. లేదా వైద్యాధికారి డాప్లర్ పరికరంతో బిడ్డ గుండె చప్పుడు విని, ఆమెకూ వినిపించాలి. నిమిషానికి 110 నుండి 160 సార్లు కొట్టుకొనే ఆ చప్పుడు విన్న తరువాత కలిగే ధైర్యం ఎన్ని మాటలు చెప్పినా కలగదు. "మొన్ననే వచ్చావు కదా" అని విసుక్కుంటే ఆమె 32వ వారంలో, నిజంగా రావలసిన రోజున, రాకపోవచ్చును. అనవసరంగా వచ్చిన పది మందిని ఓపికగా చూడడం ఆ ఒక్కరి కోసమే.

ఇంట్లో వాడుకొనే డాప్లర్ పరికరాలు ఆన్‌లైన్‌లో అమ్ముడవుతున్నవి. వీటిని ఆశ్రయించరాదు. తల్లి నాడినో, మాయలోని రక్తప్రవాహాన్నో బిడ్డ గుండెగా పొరబడి ధైర్యపడే ప్రమాదం ఉన్నది. చల్లని నీరు, తీపి పదార్థం తీసుకొంటే బిడ్డ కదులుతుందనే సలహాకు గట్టి ఆధారం లేదు. కుడివైపు తన్నితే మగబిడ్డ అన్న ఊహకు అసలే లేదు. స్కానింగ్ ద్వారా లింగ నిర్ధారణ 1994 చట్టం ప్రకారం నేరమని ఈ సందర్భంగా మరొకమారు గుర్తు చేయడం అవసరం.

గతంలో గర్భస్రావమో, మృత శిశు జననమో జరిగిన స్త్రీలకు ఈ వారాలు మరింత భారంగా గడుస్తాయి. వారికి "దేవుడున్నాడు" అనే ఓదార్పు కంటె, తదుపరి పరీక్ష తేదీ ముందే నిర్ణయించి, మధ్యలో భయం కలిగితే ఎవరికి ఫోన్ చేయాలో చెప్పడం మేలు. నిద్ర, ఆహారం చెడేంతగా బెంగ రెండు వారాలకు మించి ఉంటే వైద్యులకు తెలియజేయాలి. 2022లో ఆరంభమైన టెలి మానస్ సేవ 14416 నంబరుపై ఉచితంగా, తెలుగులోనూ లభిస్తున్నది. భయాన్ని బయటకు చెబితే దిష్టి తగులుతుందని దాచుకొనే కుటుంబాలు ఇంకను ఉన్నవి. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చినపుడు అత్తగారి సమక్షంలోనే గాక, గర్భిణితో విడిగా రెండు మాటలు మాట్లాడితే అసలు సంగతి బయటపడుతుంది.

మరొక విషయం తరచుగా మరుగున పడుతున్నది. సీమంతం అనంతరం తొలి కాన్పుకు గర్భిణి పుట్టింటికి చేరుతుంది. కదలికలపై అప్రమత్తత అవసరమయ్యే 28వ వారం సరిగ్గా ఆ రోజులలోనే వస్తుంది. అప్పటివరకు చూసిన ఎ.ఎన్.ఎం., ఆశా కార్యకర్త అత్తగారి ఊరిలో ఉండిపోతారు. కావున మాతా శిశు సంరక్షణ కార్డు, స్కానింగ్ నివేదికలు వెంట తీసుకువెళ్లి, చేరిన వారం లోపలే పుట్టింటి ఊరి ఆరోగ్య కార్యకర్త వద్ద పేరు నమోదు చేయించుకోవాలి. 2016లో ప్రారంభమైన ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో నాలుగవ నెల మొదలు గర్భిణులకు వైద్యులు ఉచితంగా పరీక్షలు జరుపుతారు. ఏ ఊరి గర్భిణి అయినా, ఏ ఊరిలో ఉన్నా వెళ్లవచ్చును.