డ్రైవాల్ వెనక సంగతులు
కెనడాలో ఇంటి రెనోవేషన్: అపోహలు – వాస్తవాలు

ఒట్టావాలో 24 సస్సెక్స్ డ్రైవ్ అనే ఇల్లుంది. 1868 నాటిది. 1951 నుంచి కెనడా ప్రధానమంత్రికి అధికార నివాసం. 2015 తర్వాత మాత్రం ఏ ప్రధానీ అందులో కాపురం పెట్టలేదు. ఆ ఇంటికి దాదాపు కోటి డాలర్ల మరమ్మతులు కావాలనీ, పని జరిగినన్నాళ్ళూ, అంటే 12 నుంచి 15 నెలలు, ఖాళీ చేయాలనీ ఆడిటర్ జనరల్ 2008లోనే చెప్పారు. ఎవరూ కదల్లేదు. 2021కి ఆ లెక్క 3.66 కోట్ల డాలర్లయింది. 2022 నవంబరులో పూర్తిగా తాళం వేశారు. కారణాలు: గోడల్లో చచ్చిన ఎలుకలు, ఆస్బెస్టాస్, పాతబడిన వైరింగు.

దేశప్రధాని ఇంటికే ఇంత కథ ఉంటే, మార్ట్‌గేజ్ కట్టుకుంటూ వంటగది మార్చుకుందామనుకునే మనవాళ్ళ సంగతి వేరే చెప్పాలా? మనకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఊళ్ళో ఇల్లు కట్టించిన అనుభవం ఇంటికొకరికైనా ఉంటుంది. సిమెంటు పాళ్ళు తెలుసు, మేస్త్రీతో బేరం తెలుసు. ఆ తెలివి ఇక్కడ చాలాసార్లు తప్పుదారి పట్టిస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే సలహాల్లో సగం అక్కడినుంచి పుట్టినవే.

ఈ వ్యాసంలో అక్కడక్కడా తగిలే కుటుంబం మిస్సిసాగాలో ఉంటుంది. 1970ల్లో కట్టిన రెండంతస్తుల ఇల్లు కొని వంటగది, బాత్‌రూము, బేస్‌మెంటు ఒకేసారి విప్పారు. పేర్లు మనకు అనవసరం. నేను చెప్పే నిబంధనలు ఒంటారియోవి. క్యాల్గరీ, వాంకూవర్ వాళ్ళు తమ ప్రావిన్సు నిబంధనలు చూసుకోవాలి.

అపోహ: ఇక్కడి గోడలు అట్టముక్కలు, ఏది పీకేసినా ఏం కాదు.

ఆ ఇంటి పెద్దాయన ఆర్ అండ్ బీలో ఇంజనీరుగా రిటైరై, తల్లిదండ్రులకిచ్చే సూపర్ వీసా మీద కొడుకు దగ్గరికి వచ్చారు. వంటగదికీ డైనింగ్‌కీ మధ్య గోడ మీద వేళ్ళతో కొట్టి చూశారు. డొల్ల శబ్దం వచ్చింది. “ఇదేం గోడరా, గట్టిగా గుద్దితే చెయ్యి అవతలికి పోయేట్టుంది. ఆదివారం నువ్వూ నేనూ కలిసి లాగేద్దాం” అన్నారు. “ఆగండి మావయ్యగారూ, ఇంజనీరును రమ్మన్నాను, ఒకసారి చూడనివ్వండి” అంది కోడలు. తానుండగా ఇంకో ఇంజనీరెందుకని ఆయన కాస్త మనసు కష్టపెట్టుకున్నారు కూడా.

ఆయన అనుభవం అబద్ధం కాదు. హైదరాబాదులోనో విజయవాడలోనో అపార్ట్‌మెంటు భారమంతా కాంక్రీటు స్తంభాలూ బీములూ మోస్తాయి. మధ్యలో ఇటుక గోడ చూడ్డానికి దృఢంగా ఉన్నా చాలావరకు గదుల్ని విడదీయడానికే. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. ఇల్లంతా చెక్క చట్రం. లోపల కాంక్రీటు స్తంభాలుండవు. డ్రైవాల్ వెనక నిలబెట్టిన సన్నని చెక్కలే పై అంతస్తును మోస్తుండవచ్చు. అందుకే ఇటుక గోడ కంటే ఈ ‘అట్టగోడ’ దగ్గరే ఎక్కువ భయపడాలి.

వచ్చిన స్ట్రక్చరల్ ఇంజనీరు ముందు బేస్‌మెంటులోకి దిగాడు. ఇంటి మధ్యగా పోతున్న ఇనప బీము సరిగ్గా ఆ గోడ కిందే ఉంది. అది మొదటి సూచన. తర్వాత వంటగది సీలింగులో పుస్తకమంత రంధ్రం కోసి టార్చి వేశాడు. ఇంటి ముందు వైపు నుంచి ఒక వరస, వెనక వైపు నుంచి ఒక వరస జాయిస్టులు (నేలను మోసే చెక్క దూలాలు) వచ్చి, ఆ గోడ నెత్తి మీద ఒకదాని పక్కన ఒకటి ఆనుకుని ఉన్నాయి. అంటే మేడ మీది నేల, ఆ పైన నీళ్ళు నింపిన స్నానాల తొట్టితో సహా, ఆ గోడ మీదే కూర్చుంది. చివరికి గోడ తీశారు. కానీ దాని స్థానంలో పలకలు అతికించి చేసిన ఎల్‌వీఎల్ బీము, రెండు చివర్లా స్తంభాలు, వాటి కింద బేస్‌మెంటు నేలలో కొత్తగా కాంక్రీటు పునాది వచ్చాయి. దీనికి డ్రాయింగూ పర్మిటూ రెండూ తప్పనిసరి. పెద్దాయన ఆ డ్రాయింగు అడిగి తీసుకుని, రాత్రి కూర్చుని బీము లెక్క తానే ఇంకోసారి వేసి చూసుకున్నారట. లెక్క సరిపోయింది. ఇంజనీరు మీద అలకా పోయింది.

అపోహ: పర్మిట్ అంటే సిటీవాళ్ళు డబ్బు గుంజడానికి పెట్టిన తంతు. తీసుకుంటే నెలలు పడుతుంది, ఆపైన ప్రాపర్టీ టాక్స్ పెరుగుతుంది.

అన్నిటికీ పర్మిట్ అక్కర్లేదు. రంగులు, ఫ్లోరింగు, ఉన్నచోటే కిచెన్ క్యాబినెట్లు మార్చడం వంటివాటికి ఎవర్నీ అడగనవసరం లేదు. భారం మోసే గోడ తీసినా, కొత్త ప్లంబింగ్ వేసినా, బేస్‌మెంటులో వేరే యూనిట్ కట్టినా కావాలి. ఇళ్ళకు సంబంధించి అన్ని కాగితాలతో దరఖాస్తు చేస్తే మునిసిపాలిటీ 10 పనిదినాల్లో అవునో కాదో చెప్పాలని ఒంటారియో నిబంధన. నెలలు పట్టేది చాలావరకు దరఖాస్తు అసంపూర్తిగా ఉన్నప్పుడే.

టాక్స్ సంగతి. పర్మిట్ వివరాలు ఆస్తుల విలువ కట్టే ఎంప్యాక్ సంస్థకు వెళ్ళే మాట నిజమే. బేస్‌మెంటు పూర్తి చేస్తేనో గది కలిపితేనో విలువ కొంత పెరగవచ్చు. కానీ ఒంటారియోలో ఇప్పటికీ 2016 జనవరి 1 నాటి ధరల ప్రకారమే విలువ కడుతున్నారు. కాబట్టి నిన్న మొన్న కిచెన్‌కు పోసిన డబ్బంతా టాక్స్ బిల్లులో ప్రత్యక్షమవుతుందని బెంగపడక్కర్లేదు. పైగా దాచిపెట్టిన మార్పు తర్వాత బయటపడితే ఆ ఏడాదితో పాటు వెనకటి రెండేళ్ళకూ కలిపి వేసే అధికారం వాళ్ళకుంది. పర్మిట్ లేకుండా కట్టినందుకు నేరం రుజువైతే వ్యక్తికి మొదటిసారి 50,000 డాలర్ల వరకు జరిమానా పడవచ్చు. కాంట్రాక్టరు “పర్మిట్ సంగతి నేను చూసుకుంటా” అన్నా అంతిమ బాధ్యత ఇంటి యజమానిదే.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పేస్తాను. పర్మిట్‌కు కట్టే ఫీజు ఈ మొత్తం ఖర్చులో అన్నిటికంటే చవకైన బీమా. ఫ్రేమింగ్ అయ్యాక, పైపులు వేశాక, ఇన్సులేషన్ పెట్టాక, అంటే డ్రైవాల్ కొట్టి అన్నీ మూసేముందు, మీకూ కాంట్రాక్టరుకూ ఏ చుట్టరికమూ లేని మనిషి వచ్చి చూసి వెళ్తాడు. మనూళ్ళో మేస్త్రీ పని మీద ఇలాంటి మూడో కన్ను ఉంటే ఎన్ని శ్లాబులు కారకుండా ఉండేవో!

కరెంటు పనిది వేరే దారి. దానికి ఎలక్ట్రికల్ సేఫ్టీ అథారిటీ ఉంది. డబ్బిచ్చి చేయించుకుంటే లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరే చేయాలి. “మా తమ్ముడు ఈఈఈ చదివాడు” అనేది లైసెన్సు కాదు.

అపోహ: కెనడా కదా, ఇళ్ళలో ప్రమాదకరమైనవి వాడి ఉండరు.

మన పల్లెల్లో రేకుల ఇళ్ళ మీద ఉండే సిమెంటు రేకులు గుర్తున్నాయా? వాటిలో కలిసే ఆస్బెస్టాస్‌ను ఇండియాకు ఎగుమతి చేసిన దేశాల్లో కెనడా ఒకటి. క్యుబెక్‌లో ఆస్బెస్టాస్ అనే పేరుతోనే ఒక పట్టణం ఉండేది. 2020లో వాళ్ళు ఊరి పేరు వాల్-దే-సూర్స్ అని మార్చుకున్నారు. గనుల్లో తవ్వకం 2011 దాకా సాగింది. దేశంలో ఆస్బెస్టాస్ వాడకంపై సమగ్ర నిషేధం అమల్లోకి వచ్చింది 2018 డిసెంబరు 30న!

కాబట్టి 1990కి ముందు కట్టిన ఇల్లయితే అనుమానించాల్సిందే. వినైల్ టైల్సు, డ్రైవాల్ అతుకుల మీది పూత, పైపుల చుట్టూ కట్టిన పట్టీలు, అటకలో పోసిన వెర్మిక్యులైట్ అనే రాతి పొరల ఇన్సులేషన్. అన్నిటికంటే మనవాళ్ళను ఊరించేది పాప్‌కార్న్ సీలింగ్, అంటే బొడిపెల పూత వేసిన సీలింగు. బాగుండదని వారాంతంలో పిల్లల్ని పక్కన పెట్టుకుని గీకేస్తుంటారు. ముట్టుకోకుండా ఉంచితే ఆస్బెస్టాస్ పెద్దగా హాని చేయదు. గీకినప్పుడూ, కోసినప్పుడూ, పగలగొట్టినప్పుడూ లేచే కంటికి కనపడని నూగు ఊపిరితిత్తుల్లో చేరి, దశాబ్దాల తర్వాత జబ్బుగా బయటపడుతుంది. మిస్సిసాగా కుటుంబం బొటనవేలి గోరంత ముక్కలు ల్యాబుకు పంపింది. సీలింగులో లేదని తేలింది, బేస్‌మెంటు టైల్సులో ఉందని తేలింది. వాటిని పెకలించకుండా, పైన కొత్త ఫ్లోరింగు పరిపించారు. అదీ ఆమోదించిన పద్ధతే.

1960కి ముందు ఇళ్ళలో సీసం కలిసిన రంగులూ, 1960ల మధ్య నుంచి 70ల చివరి దాకా కట్టిన కొన్నిటిలో అల్యూమినియం వైరింగూ ఉంటాయి. ఇల్లు కట్టిన సంవత్సరం తెలుసుకోకుండా సుత్తి పట్టుకోవద్దు.

అపోహ: నల్ల గ్రానైటు పెట్టుకుంటే రేడాన్ వస్తుంది.

నల్లటి పలక మీద బంగారు చుక్కల బ్లాక్ గెలాక్సీ గ్రానైటు ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి ప్రపంచమంతా వెళ్తుంది. టొరంటో షోరూములో అది కనపడితే మనవాళ్ళకు ప్రాణం లేచొస్తుంది. వెంటనే ఎవరో ఒకరు రేడాన్ అని భయపెడతారు. గ్రానైటు కౌంటర్లను హెల్త్ కెనడా పరీక్షించి, చెప్పుకోదగ్గ రేడాన్ లేదని తేల్చింది. అసలు రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు వచ్చేది ఇంటి కింద నేల నుంచి, బేస్‌మెంటు పగుళ్ళలోంచి. ఊపిరితిత్తుల క్యాన్సర్ కారణాల్లో పొగ తాగడం తర్వాత స్థానం దానిదే. బేస్‌మెంటులో గదులు కట్టేముందు కనీసం మూడు నెలల పరీక్ష పెట్టండి. ఘనపు మీటరుకు 200 బెక్రెల్స్ దాటితే సరిచేయించుకోవాలి.

అపోహ: హుడ్ పెద్దదైతే చాలు, పోపు వాసన పోతుంది.

గాలి బయటికి పోయే డక్టు లేకపోతే ఎంత పెద్ద హుడ్డయినా అదే గాలిని వడకట్టి మళ్ళీ వంటగదిలోకే వదులుతుంది. డక్టు ఉండి, మరీ బలమైన ఫ్యాను పెట్టినా ఇంకో చిక్కుంది. చలికాలం తలుపులన్నీ బిగించిన ఇంట్లో బయటికి తోసిన గాలికి బదులు గాలి రాకపోతే, గ్యాస్ వాటర్ హీటర్ పొగ లోపలికి తన్నుకొచ్చే ప్రమాదం ఉంటుంది. కార్బన్ మోనాక్సైడుకు వాసనుండదు. ఫ్యాను కొనేముందు హీటింగ్ మెకానిక్‌ను ఒకమాట అడగండి.

అపోహ: బేస్‌మెంటు అద్దెకివ్వడం ఇప్పుడు చట్టబద్ధమే, ఇంకేం కావాలి?

2022లో వచ్చిన చట్టంతో చాలాచోట్ల ఒక స్థలంలో మూడు యూనిట్ల దాకా అనుమతి ఉంది. అది జోనింగ్ మాట. నిప్పంటుకుంటే కిందివాళ్ళు ఎలా బయటపడతారన్నది బిల్డింగ్ కోడ్ మాట. పడకగదులున్న బేస్‌మెంటుకు తిన్నగా బయటికి తలుపు లేకపోతే, మనిషి దూరగలిగే కిటికీ ఉండాలి. తెరిస్తే కనీసం 0.35 చదరపు మీటర్ల ఖాళీ, ఏ వైపూ 380 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. యూనిట్ల మధ్య నిప్పును అడ్డుకునే గోడా సీలింగూ ఉండాలి, పొగ అలారాలూ ఉండాలి. బ్రాంప్టన్ వంటి చోట్ల రెండో యూనిట్‌ను నగరంలో రిజిస్టర్ కూడా చేయించాలి. అద్దెకొచ్చేది చాలాసార్లు మన ఊరినుంచి చదువుకోవడానికొచ్చిన పిల్లలే. అందుకే ఈ ఒక్క విషయంలో “అందరూ అలాగే ఇస్తున్నారు” అనే మాటను నేను ఒప్పుకోలేను.

అమ్మానాన్నల కోసం వేరే యూనిట్ కడితే 2023లో మొదలైన ఫెడరల్ టాక్స్ క్రెడిట్ ఒకటుంది. మొదలైనప్పుడు 50,000 డాలర్ల ఖర్చు మీద 15 శాతం, గరిష్ఠంగా 7,500. అయితే ఆ యూనిట్‌కు సొంత ద్వారం, వంటగది, బాత్‌రూము, పడుకునే చోటు ఉండాలి. ఉన్న గదికి రంగేస్తే రాదు. సూపర్ వీసా మీద వచ్చినవాళ్ళయితే అకౌంటెంటును అడిగాకే లెక్కలోకి తీసుకోండి.

అపోహ: క్యాష్ ఇస్తే 13 శాతం హెచ్‌ఎస్‌టీ (అమ్మకపు పన్ను) మిగులు.

మిగిలేది కనపడుతుంది, పోయేది కనపడదు. రశీదు లేదు, ఒప్పందం లేదు. డబ్ల్యూఎస్‌ఐబీ (పనిలో ప్రమాదాలకు బీమా) కవరేజీ లేని పనివాడు మీ ఇంట్లో నిచ్చెన మీంచి పడితే దావా మీ గుమ్మం తొక్కవచ్చు. రాతపూర్వక ఒప్పందంలో అంచనా ఉంటే, మీరు అదనపు పని ఒప్పుకుంటే తప్ప, కాంట్రాక్టరు దానికంటే 10 శాతానికి మించి వసూలు చేయకూడదని ఒంటారియో వినియోగదారుల చట్టం చెబుతుంది. నోటిమాట మీద నడిచే బేరంలో ఏ అంచనా చూపిస్తారు? మీ ఇంట్లో కూర్చుని సంతకం పెట్టిన ఒప్పందాన్ని 10 రోజుల్లో రద్దు చేసుకునే హక్కుంది. ప్రతి చెల్లింపులో 10 శాతం ఆపుకోవాలని కన్‌స్ట్రక్షన్ యాక్ట్ చెబుతుంది. కాంట్రాక్టరు తన కింది ప్లంబరుకు డబ్బివ్వకపోతే ఆ ప్లంబరు మీ ఇంటి మీద లీన్ (బాకీకి ఆస్తి మీద హక్కు) వేయగలడు. ఆ 10 శాతం అందుకే.

ఇంకో చిన్నది. టేరియన్ వారంటీ కొత్త ఇళ్ళకు. మీ రెనోవేషన్‌కు వర్తించదు.

మిస్సిసాగా ఇంట్లో చివరికి మిగిలింది ఒక్క చెల్లింపు, ఒక్క ఇన్‌స్పెక్షన్. పని అయిపోయింది కదా, మిగతాది ఇచ్చేయమని కాంట్రాక్టరు ఒత్తిడి. వాళ్ళు ఇవ్వలేదు. ఫైనల్ ఇన్‌స్పెక్షన్ పాసయ్యేదాకా చివరి వాయిదా ఉండదని ఒప్పందంలో ముందే రాసుకున్నారు. మీరూ అలాగే రాయించుకోండి. ఫైనల్ కాని పర్మిట్ సిటీ రికార్డుల్లో తెరిచే ఉండిపోతుంది. ఇల్లు అమ్మేరోజున కొనేవారి లాయరుకు అది దొరుకుతుంది. అప్పటికి మీ కాంట్రాక్టరు ఫోన్ ఎత్తుతాడన్న హామీ లేదు.