లేజర్ కూడా వెలుగే: అపోహలు – వాస్తవాలు

సూపర్‌మార్కెట్ కౌంటర్‌లో బార్‌కోడ్ చదివేది లేజర్. ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ తీగలో పరిగెత్తేది లేజర్. స్టీలు పలకల్ని కోసేదీ, కళ్లజోడు అవసరం తగ్గించేదీ, నిమజ్జనం ఊరేగింపులో డీజే బండి మీద తిరిగేదీ లేజరే. అయినా దాని గురించి మనం అనుకునేవాటిలో చాలావరకు సినిమాల్లో చూసినవీ, ప్రకటనల్లో చదివినవీ. అందుకే భయపడనక్కర్లేని చోట భయపడుతున్నాం, జాగ్రత్త పడాల్సిన చోట పట్టించుకోవడం లేదు. ఈ పొరపాటుకు కొందరు చూపునే మూల్యంగా చెల్లించాల్సి వస్తుంది కాబట్టి, ముఖ్యమైన అపోహలను ఒక్కొక్కటిగా చూద్దాం.

అపోహ 1: లేజర్ అంటే ఎక్స్‌రే లాంటిదే. తగిలితే క్యాన్సర్ వస్తుంది.

వాస్తవం: లేజర్ కూడా వెలుగే. అది పుట్టే పద్ధతే వేరు. మామూలు బల్బులో కోట్లాది పరమాణువులు దేనికది, తోచిన దిక్కుకు, రకరకాల రంగుల్లో వెలుగును వదులుతాయి. లేజర్‌లో ముందుగా బయటి నుంచి శక్తినిచ్చి ఎక్కువ పరమాణువులను పై శక్తిస్థాయిలో నిలబెడతారు. అలా ఉన్న పరమాణువును సరైన శక్తి గల ఫోటాన్ (వెలుగు రేణువు) ఒకటి దాటి వెళ్తే, ఆ పరమాణువు అచ్చం అలాంటి ఇంకో ఫోటాన్‌ను వదులుతుంది. అదే రంగు, అదే దిశ, అదే లయ. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. రెండు చివరలా అద్దాలుంటాయి కాబట్టి వెలుగు అటూ ఇటూ తిరుగుతూ ఇంకా పెరుగుతుంది. ఒక అద్దం కొంచెం వెలుగును బయటికి పోనిస్తుంది. మన చేతికి అందే లేజర్ అదే. సంతలోని గోలకూ, ఒకే తాళానికి పడే కోలాటం కర్రల చప్పుడుకూ ఎంత తేడా ఉందో, బల్బు వెలుగుకూ లేజర్‌కూ అంత తేడా.

ఈ ఉత్తేజిత ఉద్గారం గురించి ఐన్‌స్టీన్ 1917లోనే చెప్పాడు. కానీ లేజర్‌ను తయారుచేసింది ఆయన కాదు. 1960 మే 16న కాలిఫోర్నియాలోని హ్యూస్ రీసెర్చ్ లాబొరేటరీస్‌లో థియోడర్ మైమన్ ఒక చిన్న కృత్రిమ కెంపు కడ్డీ చుట్టూ స్ప్రింగులా మెలికలు తిరిగిన ఫ్లాష్ దీపాన్ని వెలిగించి, 694 నానోమీటర్ల ఎర్రని లేజర్ కాంతిని రాబట్టాడు.

ఎక్స్‌రే ఫోటాన్‌కు పరమాణువు నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడగొట్టే శక్తి ఉంటుంది. కంటికి కనిపించే లేజర్లలో, పరారుణ లేజర్లలో ఒక్కో ఫోటాన్‌కు అంత శక్తి ఉండదు. వీటితో వచ్చే ప్రమాదం ముఖ్యంగా వేడి వల్లనే. అతినీలలోహిత లేజర్లు మాత్రం ఎండలోని యూవీ కిరణాల్లాగే చర్మానికీ కంటికీ హాని చేయగలవు.

అపోహ 2: లేజర్ కిరణం ఎంత దూరం పోయినా సన్నగానే ఉంటుంది.

వాస్తవం: తక్కువగా విచ్చుకుంటుంది గానీ, అసలు విచ్చుకోని కిరణం లేదు. 1969లో అపోలో 11 వ్యోమగాములు చంద్రుడి మీద వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపే ఒక ప్రత్యేకమైన అద్దాల పలక పెట్టి వచ్చారు. భూమి మీది అబ్జర్వేటరీల నుంచి దాని మీదికి ఇప్పటికీ లేజర్ వదులుతున్నారు. 3,84,000 కిలోమీటర్లు ప్రయాణించి అక్కడికి చేరేసరికి ఆ కిరణం కొన్ని కిలోమీటర్ల వెడల్పున పరుచుకుంటుంది. తిరిగి వచ్చి టెలిస్కోపుకు చిక్కే ఫోటాన్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ కాసిన్నిటితోనే చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్ల చొప్పున మనకు దూరమవుతున్నాడని తేల్చారు.

అపోహ 3: లేజర్ ఆయుధం ‘జుయ్’మంటూ రంగు గీతలా దూసుకెళ్లి, క్షణంలో అన్నిటినీ పేల్చేస్తుంది.

వాస్తవం: కిరణం గాలిలో వెళ్తున్నప్పుడు పక్కన నిలబడ్డవారికి దాదాపుగా కనిపించదు. పొగ, దుమ్ము, మంచు ఉంటే వాటి మీద పడి చెదిరిన వెలుగే మనకు గీతలా కనిపిస్తుంది. స్టేజి షోల్లో ముందుగా పొగ వదిలేది అందుకే. ఇక ఆ చప్పుడు సినిమావాళ్లు కలిపిందే.

నిజమైన లేజర్ ఆయుధం మన దగ్గరే ఉంది. 2025 ఏప్రిల్‌లో కర్నూలులోని నేషనల్ ఓపెన్ ఎయిర్ రేంజ్‌లో డీఆర్‌డీఓ 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లను కూల్చి చూపించింది. దీని రూపకల్పనకు నాయకత్వం వహించింది హైదరాబాద్‌లోని సెంటర్ ఫర్ హై ఎనర్జీ సిస్టమ్స్ అండ్ సైన్సెస్. ఇలాంటి ఆయుధం కదిలే లక్ష్యాన్ని వెంటాడుతూ, దాని మీద ఒకే చోట కిరణాన్ని నిలిపి, ఆ భాగాన్ని వేడెక్కించి దెబ్బతీస్తుంది. వాన, పొగమంచు, దుమ్ము దాని బలాన్ని తగ్గిస్తాయి.

అపోహ 4: లేజర్ ఏదైనా సరే కాల్చేస్తుంది. కళ్లజోడు అవసరం తగ్గించే లాసిక్ ఆపరేషన్‌లో కన్ను మాడిపోతుందేమో!

వాస్తవం: లేజర్ ఏం చేస్తుందన్నది దాని తరంగదైర్ఘ్యం, శక్తి, తగిలిన సమయం మీద ఆధారపడి ఉంటుంది. లాసిక్‌లో కార్నియాను (కంటి ముందున్న పారదర్శక పొరను) సరిదిద్దే ఎక్సైమర్ లేజర్‌ది 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి. అది కణజాలపు పైపొరలోని అణుబంధాలనే తెంపుతుంది, వేడి చుట్టుపక్కలకు పాకేలోపే ఆ పొర లేచిపోతుంది. ఒక్కో పల్స్‌కు మైక్రాన్‌లో నాలుగోవంతు మందం మాత్రమే పోతుంది.

ఈ సంగతి బయటపడింది విందులో మిగిలిన మాంసంతో. 1981 నవంబరులో అమెరికాలోని ఐబీఎం పరిశోధనశాలలో, మద్రాసు విశ్వవిద్యాలయంలో చదివిన రంగస్వామి శ్రీనివాసన్ థాంక్స్‌గివింగ్ విందులో మిగిలిన టర్కీ కోడి ముక్క మీద ఈ లేజర్‌ను ప్రయోగించారు. కోత శుభ్రంగా పడింది, చుట్టూ మాడిన జాడే లేదు. జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్‌లతో కలిసి ఆయన చేసిన ఈ పనే తర్వాత లాసిక్‌కు దారి వేసింది.

అపోహ 5: శుక్లాల ఆపరేషన్ అంటే లేజర్ ఆపరేషనే.

వాస్తవం: మన ఊళ్లలో బాగా పాతుకుపోయిన అపోహ ఇది. కుట్లు లేకుండా, కట్టు లేకుండా అదే రోజు ఇంటికి పంపించేశారంటే ‘లేజర్‌తో చేశారు’ అనేస్తాం. ఎక్కువగా చేసే ఆ ఆపరేషన్ పేరు ఫేకో. అందులో పనిచేసేది లేజర్ కాదు, అల్ట్రాసౌండ్. డాక్టరు కంటి అంచున రెండు మూడు మిల్లీమీటర్ల కోత పెట్టి, సూది లాంటి పరికరాన్ని లోపలికి పంపుతారు. దాని మొన సెకనుకు సుమారు 40,000 సార్లు అదురుతూ మసకబారిన లెన్సును నుగ్గు చేస్తుంది, అదే గొట్టం ఆ నుగ్గును పీల్చేస్తుంది. తర్వాత మడిచిన కృత్రిమ లెన్సును అదే కోతలోంచి పంపితే లోపల విచ్చుకుంటుంది. 1967లో ఈ పద్ధతిని ప్రవేశపెట్టిన అమెరికా డాక్టర్ చార్లెస్ కెల్మన్‌కు ఆ ఆలోచన వచ్చింది దంతవైద్యుడి దగ్గర పళ్లు శుభ్రం చేసే అల్ట్రాసౌండ్ పరికరాన్ని చూశాకనే.

కోతలు పెట్టడానికి, లెన్సును ముక్కలు చేయడానికి ఫెమ్టోసెకండ్ లేజర్ వాడే పద్ధతీ ఉంది. అందులోనూ సాధారణంగా చివరి పని అల్ట్రాసౌండ్‌దే. ఖర్చు ఎక్కువ. ఆపరేషన్ అయిన కొన్ని నెలలకో ఏళ్లకో లెన్సు వెనక పొర మసకబారితే, అప్పుడు మాత్రం కోత లేకుండా కొద్ది నిమిషాల్లో యాగ్ అనే లేజర్‌తో ఆ పొరలో వెలుగుకు దారి చేస్తారు. కాబట్టి అమ్మకో నాన్నకో ఆపరేషన్ నిశ్చయించినప్పుడు ‘ఫేకోనా, ఫెమ్టోనా? ఆ తేడా వల్ల మాకేం లాభం?’ అని నేరుగా అడగండి. ‘లేజర్’ అన్న మాట విని అదనంగా డబ్బు కట్టకండి.

అపోహ 6: చిన్న పాయింటరే కదా, పిల్లలు ఆడుకుంటే ఏమవుతుంది?

వాస్తవం: అసలు భయపడాల్సింది ఇక్కడే. కంటిలోకి వచ్చిన సన్నని కిరణాన్ని మన కంటి లెన్సే ఇంకా చిన్న చుక్కగా చేసి కంటి వెనక తెర అయిన రెటీనా మీద పడేస్తుంది. కార్నియా దగ్గర ఉన్న తీవ్రత రెటీనాకు చేరేసరికి లక్ష రెట్ల వరకు పెరగొచ్చు. రెటీనాకు నొప్పి తెలియదు. అందుకే కాలినా ఆ క్షణంలో బాధ ఉండదు. తర్వాత చదువుతుంటే అక్షరాల మధ్య ఒక మచ్చ అడ్డొస్తుంది. ఆ మచ్చ జీవితాంతం మిగిలిపోవచ్చు.

1 మిల్లీవాట్ లోపు పాయింటర్ అయితే పావు సెకనులో పడే కంటి రెప్పే సాధారణంగా కాపాడుతుంది. అంతకంటే చాలా ఎక్కువ శక్తి ఉన్నవాటి ముందు రెప్ప చాలదు. చవక ఆకుపచ్చ పాయింటర్లతో ఇంకో ముప్పు ఉంది. వాటిలో కంటికి కనిపించని పరారుణ కాంతి నుంచి ఆకుపచ్చ వెలుగును పుట్టిస్తారు. ఫిల్టర్ లేకపోతే ఆ పరారుణ కాంతి కూడా బయటికి వస్తుంది. దానికి రెప్ప కూడా పడదు. ఇంట్లో ఫైబర్ తీగ తెగినప్పుడు దాని కొసలోకి తొంగి చూడకూడదన్నదీ ఇందుకే.

కాబట్టి లేజర్ తరగతి (క్లాస్), మిల్లీవాట్లు, తరంగదైర్ఘ్యం రాసిన లేబుల్ లేని పాయింటర్ కొనకండి. ఉన్నదాన్ని పిల్లల చేతికి ఇవ్వకండి. మనుషుల ముఖాల వైపు, నడిచే బండ్ల వైపు, విమానాల వైపు తిప్పకండి. పెళ్లి బరాత్‌కో నిమజ్జనానికో డీజే మాట్లాడుకునేటప్పుడు లేజర్లు జనం తలల పైనుంచే వెళ్లాలని ముందే షరతు పెట్టండి. లేజర్ తగిలాక చూపులో మచ్చగానీ మసకగానీ కనిపిస్తే చుక్కల మందు వేసుకుని ఆగిపోకుండా, అదే రోజు రెటీనా డాక్టరుకు చూపించండి.