స్పార్క్ ప్లగ్గు – ఇంజను నాలుక



పోయిన ఎండాకాలం సెలవులకు నేను ఊరికి పోలేదు. హైదరాబాదులో లాలాపేట్‌లో మా అన్న దగ్గర ఉన్నాను. అన్న అక్కడ ఒక మెకానిక్ షెడ్డులో పని చేస్తాడు. అక్కడ నేర్చుకున్న ఒక సంగతి, చేసిన ఒక తప్పు, రెండూ ఈ గోడపత్రికలో రాస్తున్నాను.

లాలాపేట్ పక్కనే తార్నాక. అక్కడ ఒక సందులో యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరైన పెద్దసారు ఉంటారు. ఆయనకు ఒక తెల్ల అంబాసిడర్ ఉంది, పెట్రోలు బండి. ఈ కార్లు పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 1950ల చివరి నుంచి 2014 దాకా తయారయ్యాయి. సారు కారు నెలకొకసారి కూడా గేటు దాటదు. "నిలబెడితే పాడైపోతుంది బాబూ, రోజూ పొద్దున రెండు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపు" అని సారు తాళం నాకిచ్చారు. నేను గేరు న్యూట్రల్‌లో పెట్టి, చోక్ లాగి, సెల్ఫ్ కొట్టి, రెండు నిమిషాలకు ఆపేసేవాడిని. ఇట్ల ఇరవై రోజులు చేశాను. పెద్ద పని చేస్తున్నట్టు నాకు గర్వంగా కూడా ఉండేది.

ఒక రాత్రి పది గంటలకు ఆ ఇంటి అమ్మగారికి ఆయాసం వచ్చింది. సారు కారు తియ్యబోయారు. సెల్ఫ్ తిరిగింది గాని ఇంజను అందుకోలేదు. బ్యాటరీ దిగిపోయేదాకా కొట్టారు. చివరికి పక్కింటివాళ్లు ఆటో పిలుచుకొచ్చారు. అమ్మగారికి తగ్గింది, ఇప్పుడు బాగున్నారు. ముందే 108కి ఫోన్ చెయ్యాల్సిందని తర్వాత సారే అన్నారు. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను రోజూ స్టార్ట్ చేసిన బండి ఆ రోజే ఎందుకు మొండికేసింది?

తెల్లారి అన్న వచ్చి నాలుగు ప్లగ్గులు విప్పాడు. నాలుగూ మన వంటశాల గుండిగ అడుగు లెక్క నల్లగా ఉన్నాయి. "నువ్వు రోజూ మసి పూసినవ్ తమ్మీ" అన్నాడు.

ప్లగ్గు ఏం చేస్తుంది?

పెట్రోలు ఇంజనులో గాలి, పెట్రోలు ఆవిరి కలిసి సిలిండర్‌లోకి వస్తాయి. పిస్టన్ దాన్ని నొక్కగానే ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది. ప్లగ్గులో నడుమ ఒక కడ్డీ, దాని చుట్టూ తెల్లటి పింగాణీ, కింద వంగిన కొక్కెం ఉంటాయి. బ్యాటరీలో ఉన్నది 12 వోల్టులే. కాయిల్ దాన్ని వేల వోల్టులు చేస్తుంది. అంత కరెంటు గనకనే కడ్డీ నుంచి కొక్కేనికి ఆ సందులో దూకుతుంది.

మరి మసి వల్ల ఏమవుతుంది? మసి అంటే కార్బన్, దానిలో కరెంటు పారుతుంది. పింగాణీ మీద మసి పొర పడితే కరెంటుకు సులువు దారి దొరుకుతుంది. సందు దూకకుండా పింగాణీ మీదుగా జారి బాడీకి పోతుంది. నిప్పురవ్వ ఉండదు. దీన్నే మెకానిక్‌లు "ప్లగ్గు షార్ట్ అయింది" అంటారు.

రెండు నిమిషాల స్టార్టింగ్ ఎందుకు చెడ్డది?

తడి కట్టెలు కుక్కి గాలి ఆడకుండా పెడితే పొయ్యి పొగ పెడుతుంది కదా. చోక్ లాగడం కూడా అట్లాంటిదే. గాలి తగ్గి పెట్రోలు ఎక్కువవుతుంది, మసి పుడుతుంది. ప్లగ్గు కొస సుమారు 450–500 డిగ్రీల సెంటీగ్రేడ్ దాటితే ఆ మసి దానంతట అదే కాలిపోతుంది. రెండు నిమిషాల్లో ప్లగ్గు అంత వేడెక్కదు. కాబట్టి రోజూ ఒక పొర పడుతుందే గాని, ఒక్క పొరా కాలదు.

ఇంకో సంగతి. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంజను చల్లగా ఉంటే అది సైలెన్సర్‌లో, ఆయిలులో నీరై మిగిలి తుప్పు పట్టిస్తుంది.

రంగు చూసి రోగం చెప్పడం

డాక్టరు నాలుక చూసినట్టు అన్న ప్లగ్గు చూస్తాడు. ఆయన చెప్పినవి:

1. లేత గోధుమ రంగు లేదా బూడిద రంగు, పొడిగా ఉంటే – ఇంజను బాగుంది.
2. పొడి నల్లమసి, వేలితో తుడిస్తే పోతుంది – పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. చోక్, కార్బొరేటర్, ఎయిర్ ఫిల్టర్ చూడాలి. నిప్పురవ్వ బలహీనమైనా ఇట్లనే ఉంటుంది.
3. నల్లగా, జిడ్డుగా మెరిస్తే – ఇంజను ఆయిలు పైకి వస్తోంది. పిస్టన్ రింగులు గాని, వాల్వు గైడ్లు గాని అరిగాయి.
4. తడిగా ఉండి పెట్రోలు వాసన వస్తే – పెట్రోలు వస్తోంది గాని అంటుకోవడం లేదు.
5. సున్నం లెక్క తెల్లగా, పొక్కులుగా ఉంటే – మితిమీరిన వేడి. గాలి ఎక్కువైంది, లేదా టైమింగ్ ముందుకు జరిగింది. ఇది మసి కంటే ప్రమాదం, పిస్టన్ కరుగుతుంది.

ఒక జాగ్రత్త. మన దేశమంతటా 2000 సంవత్సరంలో సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. ఇప్పటి పెట్రోలుకు రంగు అంతగా పట్టదు, కొంచెం తెల్లగా ఉన్నా భయపడొద్దు. 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్‌కు గాలి తక్కువ చాలు. అందుకే పాత కార్బొరేటర్‌తో గాలి ఎక్కువైనట్టు అవుతుంది. అది తేమను కూడా పీలుస్తుంది, పాత రబ్బరు పైపులు చూసుకోవాలి.

హైదరాబాదులో ఎక్కువ తిరగని పాత కారు ఇంకొకటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పసుపు రంగు రోల్స్ రాయిస్ ఆర్డరిచ్చి, అది రాకముందే 1911లో చనిపోయారు. ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్ దాన్ని ఉత్సవాలకే తీసేవారు. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టింది ఆయన కాలంలోనే. ఆ కారు ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. ఆ రకం కారులో 6 సిలిండర్లకు 12 ప్లగ్గులు, ఒకటి మొరాయిస్తే ఇంకొకటి అందుకుంటుందని. మన అంబాసిడర్‌కు నాలుగే. ఒక్కటి పోయినా బండి కుంటుతుంది.

అన్న ఏం చేశాడు?

ఇంజను చల్లగా ఉన్నప్పుడే పని మొదలుపెట్టాడు. వైర్లు మారకుండా గుర్తులు పెట్టాడు. విప్పకముందే ప్లగ్గుల చుట్టూ దుమ్ము ఊదాడు, లేకపోతే ఇసుక సిలిండర్‌లో పడుతుంది. విప్పినవి వరసగా పేర్చాడు. ఇత్తడి బ్రష్షుతో, పెట్రోలుతో కడిగి ఆరబెట్టాడు. దగ్గర బీడీ, దీపం ఏదీ లేకుండా చూశాడు. గేజ్ పెట్టి సందు సరిచేశాడు, ఆ బండికి సుమారు 0.6 మిల్లీమీటర్లు. ముందు చేత్తో తిప్పి, తర్వాతే పానాతో బిగించాడు.

బ్యాటరీ ఛార్జింగ్ చేయించి, ఉప్పల్ మీదుగా ఘట్‌కేసర్ దాకా పోయి వచ్చాం. చల్లారినాక మళ్లీ విప్పితే మూడు ప్లగ్గులు లేత గోధుమ రంగుకు తిరిగాయి. నాలుగోది మాత్రం జిడ్డుగానే ఉంది. "గా మూడింటికి మన తప్పు, గీ ఒక్కదానికి రింగుల తప్పు. ఎంత కడిగినా ఇది మళ్ల నల్లబడ్తది" అన్నాడు అన్న. కడగడం మందు కాదు, కారణం వెతకాలి అని నాకు అప్పుడు అర్థమయింది. సారు రింగుల పనికి డబ్బులు కూడబెడుతున్నారు.

ఇప్పుడు సారు రోజూ స్టార్ట్ చెయ్యరు. పదిహేను రోజులకొకసారి అరగంట రోడ్డు మీద నడుపుతారు. ఇంజను వేడెక్కగానే చోక్ లోపలికి నెడతారు. నడపలేని వారం అసలు ముట్టుకోరు.

వార్డెన్ సారుకు ఒక మనవి. మన హాస్టల్ వెనక పెట్రోలు జనరేటర్ కూడా కరెంటు పోయినప్పుడే తీస్తాం. నెలకొకసారి బయట గాలిలో పెట్టి, లైట్లు ఫ్యాన్లు వేసి అరగంట నడిపించండి సార్. ఊరికే స్టార్ట్ చేసి ఆపొద్దు. మూసిన గదిలో నడపొద్దు, ఆ పొగ ప్రాణం తీస్తుంది. పరీక్షల ముందు ఒకసారి ప్లగ్గు విప్పి రంగు చూద్దాం. నల్లగా ఉంటే పరీక్ష రాత్రి చీకట్లో కూర్చునే బదులు పగలే తెలుస్తుంది.

తప్పులుంటే సైన్సు సారు దిద్దాలి.

– తొమ్మిదో తరగతి విద్యార్థి