కల్లం కాపలాకు చక్రాల గది: ఏ రేకు వేయిస్తే ఆగుతుంది?

మిరప కోతలు మొదలైతే మన మెట్టలో కల్లాలు ఎర్రబడతాయి. 2022 ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లాలో చేరాం కానీ, జగ్గయ్యపేట, నందిగామ రైతుకు కల్లం కష్టం అదే. కాయ ఎండి, తాలు ఏరి, గుంటూరు యార్డుకు ఎక్కించేదాకా ఏడాది చాకిరీ అంతా ఆ గుట్టలోనే ఉంటుంది. అర్ధరాత్రి వాన పడితే పట్టా కప్పడానికి మనిషి ఉండాలి, దొంగ వస్తే అరవడానికీ ఉండాలి. నాలుగు కర్రలు పాతి, పైన పరదా కప్పి, కింద చాప పరుచుకుంటే పురుగూ పుట్రా భయం.

అందుకే పాత రెండు చక్రాల ట్రక్కు చట్రం మీద చిన్న గది కట్టించుకోవడం మంచి ఆలోచన. కోతలప్పుడు కల్లానికి, ఆ తర్వాత మోటారు దగ్గరికి లాక్కుపోవచ్చు. విదేశాల్లో సెలవులకు తిరిగేవాళ్లు కారు వెనుక ఇలాంటి గదినే కట్టుకుని అందులో పడుకుంటారు. వాళ్లది సరదా, మనది కాపలా. చిక్కు మాత్రం ఒక్కటే. ఎండకు, వానకు, దారి కుదుపులకు ఆగే రేకు ఏది?

ముందు బరువు చూడండి. 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు గదికి గోడలు, కప్పు కలిపి దాదాపు 200 చదరపు అడుగుల రేకు పడుతుంది. వెల్డింగు షాపులో ట్రక్కు తొట్టికి వాడే 16 గేజి మామూలు ఇనుప రేకు వేస్తే అదొక్కటే 230 కిలోలు దాటుతుంది. అర మిల్లీమీటరు జింకు రేకు అయితే 75 కిలోల దరిదాపు. ఒక మిల్లీమీటరు అల్యూమినియం 50 కిలోలు. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 140 కిలోల పైమాటే. మందంగా ఉంటే మన్నుతుందని చాలామంది అనుకుంటారు. కానీ గట్టిదనం ఇవ్వాల్సింది లోపలి పైపుల చట్రం. రేకు పని వాన ఆపడమే.

సిమెంటు రేకు చవక అని దాని జోలికి పోకండి. ఇంటి కప్పు మీద కదలకుండా ఉంటుంది కాబట్టి సరిపోతుంది, డొంక దారిలో నాలుగు కుదుపులకే బీటలిస్తుంది. ఆస్‌బెస్టాస్ ఉన్న రేకును కోసినా, విరిగినా లేచే ధూళి ఊపిరితిత్తులకు చేటు. అలాంటి గదిలో తలుపు మూసుకుని ఎలా పడుకుంటారు?

ప్లైవుడ్ చల్లగా ఉంటుంది, నిజమే. కొంటే 710 అంకె ముద్ర ఉన్నదే కొనండి. అది నీటికి ఆగే జిగురుతో చేసినది. 303 ముద్రది ఇంటి లోపలి పనులకు. 710 అయినా కోసిన అంచులకు రంగు పట్టించకపోతే నీరు అక్కడి నుంచే ఎక్కి పొరలు ఉబ్బుతాయి. చెదల సంగతి మీకు చెప్పనక్కర్లేదు.

అల్యూమినియం తుప్పు పట్టదని అమ్మేవాళ్లు చెబుతారు. మన చేలో దానికో శత్రువు ఉంది, రాగి మందు. బోర్డో మిశ్రమం కలిపేటప్పుడు కత్తి మొన ముంచి చూస్తారు. దానికి ఎర్రగా రాగి పడితే ఇంకా సున్నం పోస్తారు. ఇనుము మీద పేరుకునే ఆ రాగే అల్యూమినియం మీదా, జింకు మీదా పడితే సన్నటి గుంటలు తవ్వుతుంది. కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టిన స్ప్రేయరును గది గోడకు ఆనించినా, ఆ నీళ్లు రేకు మీద ఒలికినా చేటే. తడిసిన సిమెంటు, సున్నం, పొటాష్ ఎరువు కూడా తగలనివ్వకండి.

మా మాటగా చెప్పాలంటే, కల్లం గదికి అర మిల్లీమీటరు రంగు పూత జింకు రేకు సరైనది. పైన రంగు ఉండటంతో జింకుకు ఒక కవచం. కొనేటప్పుడు గేజి అంకె కాదు, మిల్లీమీటర్లు అడగండి. గేజి పెరిగేకొద్దీ రేకు పల్చబడుతుంది. అక్కడే మోసపోతారు. మామూలు జింకు రేకు తీసుకుంటే జింకు పూత ఎంతో అడగండి. రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 120 గ్రాములదీ ఉంటుంది, 275 గ్రాములదీ ఉంటుంది. చూపుకు రెండూ ఒకటే, మన్నిక ఒకటి కాదు.

ఎంత మంచి రేకయినా మొదట పోయేది అడుగు అంచు దగ్గర, స్క్రూల దగ్గర. గోడ రేకును చట్రం కంటే రెండంగుళాలు కిందికి దించండి, వాన నీరు చట్రం మీద నిలవకుండా జారిపోతుంది. రబ్బరు వాషరున్న స్క్రూలు వేయించండి. కప్పు మీద రేకు గట్టు మీదే బిగించాలి, లోయలో కాదు. చిల్లులు వేసినప్పుడు రాలిన ఇనుప పొట్టు ఆ సాయంత్రమే చీపురుతో ఊడ్చేయండి, వదిలితే ఒక్క మంచుకే తుప్పు మరకలు పడతాయి. జింకు పైపుకు వెల్డింగు చేసిన చోట పూత కాలిపోతుంది. గీకి జింకు పెయింటు కొట్టించండి. వెల్డింగులో లేచే తెల్లపొగ పీలిస్తే జ్వరం వస్తుంది, ఆ పని ఆరుబయటే చేయించండి.

రేకు గదితో చిక్కు వేడి. తెలుపు రంగు తీసుకోండి. కప్పు కింద నాలుగు వేళ్లు వదిలి వెదురు తడిక కట్టండి, ఎదురెదురుగా రెండు కిటికీలు పెట్టండి. పురుగుమందుల డబ్బాలు మాత్రం అందులో పెట్టొద్దు. మోటారు స్టార్టరు నుంచి వైరు లాగి బల్బు పెట్టుకోవడం ఇంకా ప్రమాదం. గోడంతా ఇనుమే, చిన్న సోలారు దీపం చాలు.

రోడ్డెక్కించాలంటే ట్రైలరుకు రిజిస్ట్రేషన్ కావాలి, రవాణా కార్యాలయంలో అడిగి ఎక్కించండి. 2024 సెప్టెంబరు మొదట్లో మునేరు ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికే వచ్చింది. ఏటి పక్క చేలున్నవాళ్లు జూన్‌లోపు గదిని మెరకకు లాగి, చక్రాల కింద రాళ్లు పెట్టి, ఇరుసుకు గ్రీజు పూసి ఉంచండి.